బావమరిది పట్టిన తాడు

పోటు వచ్చే ముందు గది మూలలో చిన్న చప్పుడయ్యేది, ఎవరో నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు. అది వినగానే వరసలోని గదులన్నిట్లో ఆడవాళ్ళు చేస్తున్న పని వదిలేసి పరుపులు చుట్టి మంచాల మీదికి ఎత్తేవాళ్ళు. పొయ్యిలో నిప్పుంటే చట్టిలోకి తీసి గూట్లో పెట్టేవాళ్ళు. ఉయ్యాల తాళ్ళు పైకి బిగించేవాళ్ళు. మంచం కోళ్ళ కింద ఇటుకలు ఎప్పుడూ ఉండేవి. ఆ తర్వాత గోడా నేలా కలిసే చోటు నుంచి సముద్రం వచ్చేది. చీలమండల దాకా వచ్చి, కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోయేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

అసలు సముద్రం కొండలకి అవతల, ఎడ్లబండి మీద రోజుల తరబడి ప్రయాణం చేస్తే గానీ కనపడనంత దూరం. ద్వీపం మునిగాక మిగిలిన కొద్దిమందినీ కంపెనీ వాళ్ళు ఓడ ఎక్కించి, బండ్లెక్కించి, గుండీల కార్ఖానా వెనక పాత గిడ్డంగిలో దింపారు. రేకులు అడ్డం పెట్టి గదులన్నారు. మనుషుల వెనకే వాళ్ళ పోటూ వచ్చింది. ఇల్లు మారితే పిల్లి వెంట రాదూ, ఇదీ అంతే అనుకున్నారు. సూపరింటెండెంటు దొర తనిఖీకి వచ్చినప్పుడు పోటొస్తే బూట్లు విప్పి బల్ల మీద పెట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేవాడు. పైవాళ్ళకి 'నేలలో చెమ్మ' అని రాసి సున్నం బస్తాలు తెప్పించాడు. సున్నం చల్లే పని వరస చివరి గదిలో ఉండే తమ్ముడికి అప్పగించారు.

తమ్ముడు అంటే ఆ గదిలో ఉండే అక్కకి తమ్ముడు. అతన్ని అందరూ అలాగే పిలిచేవాళ్ళు, పెద్దవాళ్ళతో సహా.

పోటు ఊరికే వచ్చేది కాదు. మునిగిపోయిన ఇళ్ళలోంచి సామాను తెచ్చేది. ఎవరింటివి వాళ్ళ గదికే. మొదట్లో గరిటె, దువ్వెన, పీట కోడు. పక్క గదిలో కొడుకుతో ఉండే పెద్దమ్మకి రోకలి వచ్చింది.

"రోలు లేకుండా రోకలెందుకే నా మొహానికి? నెత్తిన మోదుకోవడానికా?" అని తిట్టి, తుడిచి, తలుపు వెనక దాచుకుంది.

కొన్నాళ్ళకి రోలు వచ్చింది. దాని వెనక ఆమె మొగుడు వచ్చాడు.

చేపలు కళ్ళు తినేశాయి గానీ చొక్కా మాత్రం బాగానే ఉంది. పెద్దమ్మ అరవలేదు. కొంగుతో అతని ముఖం తుడిచి, ఊడిన గుండీ పెట్టి, ఆటు తీసేటప్పుడు భుజాలు పట్టుకుని నెమ్మదిగా వదిలింది. "మట్టిలో పెడదాం పెద్దమ్మా" అని ఎవరో అంటే, "ఆయనకి మట్టి కొత్త, నిద్ర పట్టదు" అంది. ఆ రోజు నుంచి వరసలో అందరికీ గరిటెని చూసినా భయమే. గరిటె వెనక ఎవరున్నారో.

ఆ వరసలో ఇంతవరకూ ఒక్క చెంచా కూడా రాని గది ఒక్కటే. అక్క గది.

పోటు చప్పుడు వినగానే అక్క మంచమెక్కి గోడ వైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకునేది. కడుపు మీద రెండు చేతులూ వేసుకునేది. నెలలు నిండుతున్న కడుపు. కింద నీళ్ళు మంచం కోళ్ళకి తగిలే చప్పుడు, తమ్ముడు సున్నం బకెట్టు పక్కకి జరిపే చప్పుడు, తర్వాత నీళ్ళు వెనక్కి పీల్చుకునే చప్పుడు. అంతా అయ్యాక గానీ నోరు విప్పేది కాదు.

"ఏమన్నా వచ్చిందా?"

"ఏమీ రాలేదక్కా."

"బాగా చూశావా?"

"చూశానక్కా. ఏమీ లేదు."

అప్పుడు కళ్ళు తెరిచి, పొయ్యి వెలిగించి, కార్ఖానా కూత పడే వేళైతే వెళ్ళిపోయేది. కార్ఖానాలో ఆమె పని చిల్లులు పొడవడం. వేరే తీరం నుంచి బండ్ల మీద వచ్చే ముత్యపు చిప్పల్ని మగవాళ్ళు గుండ్రంగా కోస్తే, ఆడవాళ్ళు చిన్న బర్మాతో చిల్లులు వేయాలి. తెల్లటి పొడి కనురెప్పల మీద పేరుకునేది. తడిగుడ్డ ముక్కుకి కట్టుకున్నా దగ్గు ఆగేది కాదు. అలాంటి చిప్పల కోసమే అక్క మొగుడు సముద్రం అడుగుకి దిగేవాడు. అవి చొక్కాలకి గుండీలవుతాయని ఇక్కడికొచ్చేదాకా ద్వీపంలో ఎవరికీ తెలియదు. దేనికో దొరలు కొనుక్కుపోతున్నారనుకునేవాళ్ళు.

ద్వీపంలో చిప్పల కోసం దిగేవాడి నడుముకి తాడు కట్టేవాళ్ళు. పైన పడవలో ఒకడు ఆ తాడు పట్టుకుని కూర్చునేవాడు. కింద నుంచి ఒకసారి గుంజితే ఇంకాస్త తాడు వదలమని. రెండుసార్లు గుంజితే బుట్ట నిండిందని. మూడుసార్లు గుంజితే నన్ను లాగమని. తాడు పట్టేది ఎప్పుడూ దిగినవాడి బావమరిదే. దాయాది చేతికిస్తే లాగనే లాగడు. పెళ్ళాం చేతికిస్తే మొదటి గుంజుకే భయపడి లాగేస్తుంది, తాడు ఏ రాతికో బిగుసుకుని ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. బావ బతుకు కోరేవాడు బావమరిది అని సామెత ఉండనే ఉంది. అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలు వాడి చేతుల్లోనే ఉంటాయి కాబట్టి నిద్రపోడు. ఒక ఇంటి తాడు ఇంకో ఇంటివాళ్ళు ముట్టుకోరు.

అక్క మొగుడి తాడు తమ్ముడు పట్టేవాడు. తమ్ముడికి ఈత రాదు. నీళ్ళలో ముఖం పెట్టాలన్నా దడ. తాడు పట్టేవాడికి ఈతెందుకులే అని బావే వాడిని పడవలో కూర్చోబెట్టాడు.

ఆ రోజు పొద్దున సముద్రం ఒడ్డు వదిలి వెనక్కి పోయింది. ఎప్పుడూ చూడని నేల బయటపడింది. నోళ్ళు తెరుచుకుని చిప్పలు గుట్టలుగా కనిపించాయి. దిగకుండానే దొరికిన చిప్పలు! ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని పరుగెత్తింది. చిప్పల కోసం ప్రాణాలు పెట్టే ఊరు కాబట్టే పరుగెత్తింది, ఇంకో ఊరైతే కొండెక్కేది. కొండ మీద ఊటలో బట్టలుతుక్కుంటున్నవాళ్ళూ, లోతు నీళ్ళలో పడవల్లో ఉన్నవాళ్ళూ మిగిలారు. అక్క కొండ మీద ఉంది. వేవిళ్ళతో ఊట పక్కన కూర్చుని ఉంది.

పడవల్లో ఉన్నవాళ్ళు సముద్రం గోడలా లేవడం చూశారు. చూసి కూడా తాళ్ళు లాగారు. వాళ్ళ చేతులు తోలు ఊడి, ఎముక కనపడేటట్టు కోసుకుపోయాయి. ఇప్పటికీ కార్ఖానాలో వాళ్ళని చేతుల్ని బట్టి గుర్తుపట్టొచ్చు.

తమ్ముడి చేతులు శుభ్రంగా ఉన్నాయి. గీత కూడా లేదు.

ఆ పొద్దున లోతు నీళ్ళలో దిగిన బావ తాడు ఊడిపోయిందని చెప్పాడు. కంపెనీ ఓడలో అన్నం పెట్టేటప్పుడు అతను చెయ్యి చాపితే, వడ్డించే ముసలాయన ఆ అరచేతి వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు, అంతే.

ఒక మధ్యాహ్నం మేస్త్రీ బర్మాలు ఆపించి, బల్ల ఎక్కి నిలబడ్డాడు. మేస్త్రీది ఈ ఊరే. గొంతు పెద్దది, మనసు మామూలుది.

"దొరగారి ఉత్తరువు. మగదిక్కు లేని ఆడవాళ్ళని ఇక్కడ ఉంచడానికి వీల్లేదు. గదులు చాలడం లేదు. రేపు పొద్దున బండ్లొస్తాయి. రేవుకి పోయి ఓడెక్కి, అవతలి దేశంలో చెరకు తోటల్లో పని. తిండీ బట్టా వాళ్ళే ఇస్తారు."

అక్క లేచి నేరుగా దొర గదికి వెళ్ళింది. మేస్త్రీ ఆమె మాటలు దొరకి, దొర మాటలు ఆమెకి చెప్పాడు.

"నా మొగుడు చచ్చిపోలేదు. చచ్చిపోతే పోటులో వచ్చేవాడు. పెద్దమ్మ మొగుడు రాలేదా?"

దొర గడ్డం గోక్కున్నాడు. మాట సబబుగానే ఉందనిపించినట్టుంది.

"బతికున్నాడనడానికి ఏదన్నా వచ్చిందా అని అడుగుతున్నారమ్మా."

"ఏమీ రాలేదు."

"అయితే చచ్చినట్టే కదా అంటున్నారు."

"నాకు తమ్ముడున్నాడు."

"తమ్ముడు మగదిక్కు కింద రాడట. మొగుడో కొడుకో ఉండాలట."

"కొడుకు కడుపులో ఉన్నాడని చెప్పు."

మేస్త్రీ చెప్పాడు. దొర కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పోటు చప్పుడైనప్పుడు అక్క మంచమెక్కింది గానీ గోడ వైపు తిరగలేదు. రెప్పల సందులోంచి చూస్తూ పడుకుంది. ఓడలో నడిసముద్రం మీద కనడం కంటే, వచ్చే శవాన్ని కళ్ళారా చూడడమే నయమనుకుంది.

నీళ్ళు మూల నుంచి ఉబికాయి. నేల నిండింది. నీళ్ళలో ఒక తాడు కొస తేలుతూ వచ్చింది. కొబ్బరి తాడు, నాచు పట్టి ఆకుపచ్చగా ఉంది. అది అటూ ఇటూ తిరిగింది, మనిషి కోసం వాసన పట్టే కుక్కలాగా. తిరిగి తిరిగి తమ్ముడి పాదాల దగ్గర ఆగింది. తమ్ముడు సున్నం బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పాదంతో దాన్ని వెనక్కి తోశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోశాడు. ఆ కొస బిగుసుకుని, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఝాడించింది. తమ్ముడు చెవులు మూసుకున్నాడు.

అక్క మంచం దిగేలోగా ఆటు మొదలైంది. తాడు ఆమె వేళ్ళకి తగిలీ తగలకుండా గోడ కిందికి జారిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

అతను తాడు తగిలిన పాదాన్ని పొడి గుడ్డతో తుడుచుకున్నాడు.

"అడిగేది నిన్నే. ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?"

"మొదటి రోజు నుంచి."

"రోజూ గుంజుతున్నాడా?"

"రోజూ."

అక్క తడి నేల మీద చతికిలబడింది. కొట్టాలన్నా చెయ్యి లేవలేదు.

"ఒకసారి వదిలేశావంటే ప్రాణభయం అనుకుంటాను. రోజుకి రెండుసార్లు వదిలేశావట్రా?"

"అక్కా, నువ్వు పెద్దమ్మ మొగుణ్ణి చూశావు కదా." అతని పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఇన్ని నెలలు నీళ్ళ కింద ఉన్నవాడు తాడు గుంజుతున్నాడంటే... ఆ పైకొచ్చేది బావేనంటావా?"

"చచ్చినవాడు తాడు గుంజడు."

"బతికున్నవాడు ఇన్నాళ్ళు ఊపిరి బిగబట్టలేడక్కా."

ఆ రెండు మాటలూ నిజమే. ఇద్దరూ ఆ మూల వైపు చూస్తూ కూర్చున్నారు. రేకు అవతల నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"నేను వింటూనే ఉన్నానే. ఏ రూపంలో వచ్చినా నీ మొగుడే. నేను తుడుచుకోలేదూ? రేపు పొద్దున పోటుకి వాడి చేత పట్టించు. పట్టకపోతే నా రోకలి ఉంది, దానికిప్పటిదాకా సరైన పని దొరకలేదు."

పొద్దున బండ్లు ముందే వచ్చాయి. ఎద్దుల మెడగంటలు వినిపిస్తున్నాయి. మేస్త్రీ ఒక్కో గది ముందూ ఆగి పిలుస్తున్నాడు. ఆడవాళ్ళు మూటలు పట్టుకుని బయటికొస్తున్నారు. అక్క మూట కట్టలేదు.

మూలలో చప్పుడైంది. ఈసారి పుక్కిలింతలా లేదు, పెద్ద జంతువేదో గొంతు సవరించుకున్నట్టుంది. నీళ్ళు చీలమండలు దాటాయి, మోకాళ్ళు దాటాయి. మంచం ఇటుకల మీంచి లేచి తేలింది. సున్నం బకెట్టు బోర్లాపడి గదంతా పాలలా తెల్లబడింది. ఆ తెల్లటి నీళ్ళలో తాడు వచ్చింది.

తమ్ముడు దాని వైపు చూస్తూ గోడకి అంటుకుపోయాడు.

"పట్టుకో" అంది అక్క.

పట్టుకున్నాడు. తాడు మూడుసార్లు గుంజింది. లాగాడు. రాలేదు. కాళ్ళు గడపకి తన్నిపెట్టి లాగాడు. తాడు వీణతీగలా బిగిసింది గానీ జానెడు కూడా కదల్లేదు.

"చిక్కుకుంది. కింద ఎక్కడో దేనికో చిక్కుకుంది."

తాడు చిక్కుకుంటే ఏం చెయ్యాలో ద్వీపంలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ తాడు పట్టుకుని ఇంకొకడు దిగాలి. తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క ఏమీ అనలేదు, అని ఉంటే అతను దిగేవాడు కాదేమో. తలుపు దగ్గర మేస్త్రీ పంచె పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ రోకలితో సహా వచ్చింది.

"అక్కా, ఇది పట్టుకో."

"నేను పట్టకూడదురా. పెళ్ళాన్ని."

"నాకు అక్కవి కూడా కదా. సగం సగం." నవ్వబోయాడు, పళ్ళు టకటకలాడాయి. "మొదటి గుంజుకి లాగొద్దు. ఏమైనా సరే లాగొద్దు. మూడు."

"నాకు నేర్పుతున్నావా?"

అతను చిన్నపిల్లవాడిలా ముక్కు మూసుకున్నాడు. నడుం లోతు నీళ్ళున్న మూలలో మునిగాడు. పాదాలు నేలకి తగలలేదు. తెల్లటి నీళ్ళు అతని తల మీద మూసుకున్నాయి.

అక్క తాడు మణికట్టుకి చుట్టుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గుంజు.

ఒళ్ళంతా లాగెయ్యమంది. భుజాలు, పళ్ళు, కడుపులో బిడ్డ, అన్నీ లాగెయ్యమన్నాయి. తరతరాలుగా పెళ్ళాలకి తాడెందుకివ్వలేదో ఆ క్షణంలో అర్థమైంది. ఆమె లాగలేదు. మణికట్టు చుట్టు విప్పి తాడు వదిలింది. అది బుసలు కొడుతూ గోడ కిందికి పోయింది. ఇంకా పోయింది. కొస ఒక్కటే చేతిలో మిగిలింది.

నీళ్ళు తగ్గడం మొదలైంది.

"ఆటు తీస్తోందమ్మా! లాగెయ్, లాగెయ్!" అని మేస్త్రీ అరిచాడు.

"నోరు ముయ్యరా, నీకేం తెలుసు!" అంది పెద్దమ్మ. కానీ తనూ రోకలి వదిలేసి అక్క పక్కకి వచ్చింది. "ఏమ్మా, తగిలిందా?"

"లేదు."

నీళ్ళు తొడల దాకా దిగాయి. మోకాళ్ళ దాకా దిగాయి. మంచం ఇటుకల పక్కకి ఒరిగి కూర్చుంది. తాడు ప్రాణం లేనట్టు వేలాడుతోంది. వదిలేస్తే బాగుండునన్న ఆలోచన అక్కకి వచ్చింది. తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ ఏ భయం కూర్చోబెట్టిందో దాని ముఖం ఆమెకి కనిపించింది. అది పరాయిదేమీ కాదు.

ఒకటి.

రెండు.

ఊపిరి బిగబట్టింది.

మూడు.

లాగింది. తాడు అరచేతుల్ని కోసింది, తోలు లేచింది, నీళ్ళలో ఎర్రటి తీగలు తేలాయి. పెద్దమ్మ తాడు ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కాబట్టి అక్క నడుం పట్టుకుని లాగింది. ఆవిడ నడుం మేస్త్రీ పట్టుకున్నాడు. చీలమండల లోతు నీళ్ళలోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, తర్వాత భుజం, తర్వాత నాచు పట్టిన గడ్డం. ఆ ముఖం మీది జుట్టు తొలగించడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు.

అక్క వంగి జుట్టు తొలగించింది. కళ్ళున్నాయి. రెండూ ఉన్నాయి. అవి ఆమెని చూశాయి. అప్పుడు అతను, ద్వీపం మునిగిన పొద్దున పడవలో తీసుకున్న ఊపిరి వదిలి, కొత్త ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరికి గూట్లో నిప్పు రెపరెపలాడింది.

నీళ్ళు పూర్తిగా పోయాయి. మూలలో తడి గోడ తప్ప ఇంకేమీ లేదు.

"వాడేడీ?" అంది అక్క.

అతను చాలాసేపు దగ్గాడు. "అలలో కొట్టుకొచ్చిన మన ఇంటి దూలం నా కాలి మీద పడింది. వాడు వచ్చి దాన్ని భుజం మీదికెత్తుకున్నాడు. నేను కాలు లాక్కున్నాను. వాడు పొమ్మని తలూపాడు." చేతులు చూసుకున్నాడు. "వాడి అరచేతులు రెండూ చీరుకుపోయాయి. దూలం గరుకు."

బయట బండివాడు కేకేశాడు. మేస్త్రీ పంచె పిండుకుంటూ గడప దాటి, "ఈ గదిలో మగదిక్కుంది, మీరు కదలండి" అన్నాడు. బండ్లు కదిలాయి. మూటలు పట్టుకున్న ఆడవాళ్ళు వాటిలో పోయారు. వాళ్ళ గదులకి ఆ సాయంత్రం కూడా పోటు వచ్చి, ఎవరూ ఎత్తని పరుపుల్ని తడిపి పోయింది. దొర స్వయంగా వచ్చి అక్క మొగుణ్ణి తలుపు దగ్గర నుంచి చూసి, చొక్కా ఇప్పించమని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆటులో మొగుడు తాడు కొసకి రాయి కట్టి వదిలాడు. తెల్లవార్లూ పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఇద్దరి చేతులకీ గుడ్డలు చుట్టి ఉండేవి. అతను కార్ఖానాకి వెళితే ఆమె పట్టుకునేది, ఆమె వెళితే అతను. పెద్దమ్మ తిండి తెచ్చిపెట్టేది. "బావ బతుకు కోరేది బావమరిదని చెప్పి ఊరుకున్నారు పెద్దలు. బావమరిది బతుకు ఎవడు కోరాలో చెప్పి చావలేదు" అని సణిగేది.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. తాడు కొస ఉయ్యాల కొయ్యకి కట్టారు.

ఒక పొద్దున పోటు నిండుగా ఉండగా ఉయ్యాల దానంతటదే ఒకసారి ఊగింది. అక్క తాడు మీద చెయ్యి వేసింది.

"లాగనా?" అన్నాడు మొగుడు.

"ఒక్కటే. ఇంకా వదలమంటున్నాడు."

వదిలారు. ఆటు తీసేముందు తాడు మళ్ళీ కదిలింది. ఒకటి, రెండు. అక్క మూడోదాని కోసం ఆగింది. నీళ్ళు మోకాళ్ళ నుంచి పాదాలకి దిగేదాకా ఆగింది. రాలేదు.

ఇద్దరూ కలిసి లాగారు, మొగుడు కింద వదిలి వచ్చిన చిప్పల బుట్ట పైకి వచ్చింది. ఆ గదికి వచ్చిన మొదటి సామాను అది. అందులో గరిటె, చెంచాలు, అక్క పెళ్ళినాటి చెంబు, చంటిపిల్లకి సరిపోయే చిన్న పీట, అడుగున నోరు తెరవని చిప్పలు గుప్పెడు. మునగడం రానివాడు ఏరిన చిప్పలు.

అక్క అన్నీ తీసి గూట్లో పెట్టింది. ఖాళీ బుట్ట మళ్ళీ తాడుకి కట్టి, పోతున్న నీళ్ళలో వదిలి, ఇంకాస్త తాడు ఇచ్చింది.